క్యాంపస్‌లో ఉద్యోగం రాని సీఎస్‌ఈ విద్యార్థికి మిగిలిన దారులు: ఎక్కడ దేనితో జల్లెడ పడతారు

ప్రశ్న క్లుప్తంగా ఇది. 2025లో గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ పూర్తయింది. సీజీపీఏ 6.9, బ్యాక్‌లాగులు లేవు, క్యాంపస్‌లో ఏదీ తగల్లేదు. ఇంట్లో అమీర్‌పేట వెళ్లి ఏదైనా కోర్సు చేయమంటున్నారు. ఒక కన్సల్టెన్సీ మూడేళ్ల అనుభవం పెట్టి ఇంటర్వ్యూలు ఇప్పిస్తామంటోంది. బంధువులు అమెరికాలో ఎమ్మెస్ అంటున్నారు. ఏఐ వచ్చాక అసలు ఈ చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా అన్నది చివరి సందేహం.

ఉన్నాయి. కాకపోతే మీ సీనియర్లు గుంపులుగా వెళ్లిన పెద్ద తలుపు ఇప్పుడు ఓరగా తెరిచి ఉంది, అంతే. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 తగ్గింది. ఇవి ఆ కంపెనీలే ప్రకటించిన లెక్కలు. మానేసి వెళ్లినవాళ్ల స్థానంలో ఫ్రెషర్లను నింపే అలవాటు ఆ ఏడాది ఆగిపోయింది, ఆ తర్వాత కూడా పాత జోరు తిరిగి రాలేదు. మరోవైపు మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా సీఎస్‌ఈ, దాని అనుబంధ బ్రాంచీలవే. సీట్లు పెరిగాయి, తలుపు సన్నబడింది. దీంట్లో మీ తప్పు ఏమీ లేదు. కానీ చిన్న తలుపులు చాలానే ఉన్నాయి, ఒక్కోదాని దగ్గర ఒక్కో జల్లెడ. అది తెలుసుకోకుండా అన్నింటికీ ఒకే రెజ్యూమె పంపుతూ ఏడాది గడిపేయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ముందుగా గడియారం సంగతి. ఫ్రెషర్ ప్రకటనల్లో "2025 బ్యాచ్", "2024, 2025 బ్యాచ్‌లు" అని ఉంటుంది. పాసైన ఏడాది, ఆ మరుసటి ఏడాది మాత్రమే మీరు చాలా చోట్ల అర్హులు. టీసీఎస్ లాంటివి చదువులో మొత్తం ఖాళీ రెండేళ్లు దాటకూడదంటాయి. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా, పాసైన పద్దెనిమిది నెలల్లోపు మొదటి జీతం చేతికి వచ్చేలా చూసుకోండి. జీతం పన్నెండు వేలైనా సరే, అది కోడు రాసే పనో, డేటాబేస్ ముట్టుకునే పనో అయి, పీఎఫ్ ఖాతాలో పడే ఉద్యోగమైతే చాలు.

తర్వాత పర్సంటేజీ. సర్వీస్ కంపెనీలు చాలావరకు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి. సీజీపీఏని పదితో హెచ్చవేసి 69 శాతం అని రాసేస్తుంటారు. అది తప్పు. జేఎన్‌టీయూల్లో కొన్ని రెగ్యులేషన్లకు (మీరు చేరిన ఏడాదిని బట్టి వర్తించే వర్సిటీ నిబంధనలు) సీజీపీఏలోంచి 0.5, కొన్నింటికి 0.75 తీసేసి పదితో హెచ్చవేయాలి. మీ 6.9కి మొదటి లెక్కన 64, రెండో లెక్కన 61.5 వస్తుంది. మీరు రెండు విధాలా గట్టెక్కారు. అదే 6.6 ఉన్నవాళ్లకు ఒక లెక్కన 61, ఇంకో లెక్కన 58.5. అంటే సూత్రం తప్పితే అర్హతే పోతుంది, లేదా ఆఫర్ వచ్చాక ధ్రువపత్రాల పరిశీలనలో పోతుంది. మీ మార్కుల జాబితాలో గానీ, రెగ్యులేషన్ పుస్తకంలో గానీ ఉన్న సూత్రం ఫొటో తీసి పెట్టుకుని, ప్రతి దరఖాస్తులోనూ అదే అంకె వేయండి. ఒకచోట 64, ఇంకోచోట 69 అని ఉంటే పరిశీలన చేసేవాళ్లకు అనుమానం వస్తుంది.

ఇక పరీక్షలు. టీసీఎస్ ఫ్రెషర్లకు పెట్టే పరీక్ష ఎన్‌క్యూటీ, ఇటీవలి పద్ధతిలో రెండు భాగాలు. ఫౌండేషన్ 75 నిమిషాలు: లెక్కలు, ఇంగ్లిష్, రీజనింగ్. అడ్వాన్స్‌డ్ 115 నిమిషాలు, అందులో 90 నిమిషాలు కోడింగుకే. ఒకే పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి నింజా, డిజిటల్, ప్రైమ్ అని మూడు అంతస్తులు. నింజా ఏడాదికి సుమారు 3.36 లక్షలు, డిజిటల్ దాదాపు 7 లక్షలు, ప్రైమ్ ఆ పైన. ఇన్ఫోసిస్‌లోనూ సిస్టమ్ ఇంజనీర్, డిజిటల్ స్పెషలిస్ట్, స్పెషలిస్ట్ ప్రోగ్రామర్ అని ఇలాంటి అంతస్తులే ఉన్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, కింది అంతస్తు జీతం దాదాపు పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. పైఅంతస్తుకు దారి కోడింగ్ భాగం ఒక్కటే. అప్టిట్యూడ్ పుస్తకం మొత్తం మూడోసారి తిరగేసే సమయాన్ని కోడింగుకు మళ్లించడం లాభం. అప్టిట్యూడ్‌కు శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, వేగం-దూరం, సగటు, ప్రాబబిలిటీ, సీటింగ్ అరేంజ్‌మెంట్, రక్త సంబంధాలు రోజుకు 45 నిమిషాల చొప్పున ఆరు వారాలు చేస్తే సరిపోతుంది.

కోడింగ్ పరీక్షలో లాజిక్ తెలిసినవాళ్లు కూడా ఎందుకు పోతారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవన్నీ ఒక వారంలో సరిదిద్దుకోగలిగినవి. మొదటిది, కాలేజీ ల్యాబ్ అలవాటు. "సంఖ్య ఇవ్వండి" అని ప్రాంప్ట్ ప్రింట్ చేస్తారు. పరీక్షలో జవాబును యంత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, మీ ప్రాంప్ట్ కూడా జవాబులో భాగమై మొత్తం తప్పవుతుంది. రెండోది, ఇన్‌పుట్ చదవడం. సంఖ్యలు ఒకే లైనులో స్పేస్‌తో ఇస్తారా, లైనుకొకటి ఇస్తారా, చివర ఖాళీ లైను ఉంటుందా అన్నది చూడరు. జావాలో నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పిలిస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, అక్కడే పావుగంట పోతుంది. మూడోది, ఇంట్ పరిధి. జావాలో ఇంట్ గరిష్ఠంగా 2,147,483,647 వరకే పట్టగలదు. లక్ష సంఖ్యలు, ఒక్కోటి లక్ష వరకు ఉంటే మొత్తం వెయ్యి కోట్లు. ఇంట్‌లో పొంగిపోయి తప్పు సంఖ్య వస్తుంది, లాంగ్ వాడాలి. నాలుగోది అతి ముఖ్యం. ఎన్ విలువ, అంటే ఇన్‌పుట్‌లో వచ్చే మూలకాల సంఖ్య, లక్ష అని ప్రశ్నలో ఇచ్చారంటే, లూపులో లూపు పెడితే వెయ్యి కోట్ల అడుగులవుతాయి. సీ ప్లస్ ప్లస్ కూడా సెకనుకు పది కోట్ల మామూలు పనులకు అటూఇటూగా చేస్తుంది, పైథాన్ ఇంకా నెమ్మది. అంటే ప్రశ్నలో ఇచ్చిన ఎన్ విలువే మీకు ఏ పద్ధతి వాడాలో చెబుతోంది. ఎన్ వెయ్యి లోపైతే రెండు లూపులు ఫర్వాలేదు, లక్ష అయితే హ్యాష్ మ్యాపో, సార్టింగో, టూ పాయింటర్సో కావాలి. కనిపించే టెస్ట్ కేసులు రెండూ పాసై, దాచినవి ఫెయిలవడం వెనక సాధారణంగా ఈ మూడో, నాలుగో కారణమే ఉంటుంది. ఖాళీ అర్రే, ఒకే మూలకం, అన్నీ సమానం, అన్నీ రుణసంఖ్యలు: సబ్మిట్ కొట్టే ముందు ఈ నాలుగూ చేత్తో పెట్టి చూడండి.

ఎన్ని సమస్యలు చేయాలి? 150 చాలు, కానీ ఎంపిక ఉండాలి. అర్రేలు, స్ట్రింగులు 40, హ్యాషింగ్ 20, టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో కలిపి 20, బైనరీ సెర్చ్ 15, స్టాక్, క్యూ 15, లింక్డ్ లిస్ట్ 10, ట్రీలు 20, రికర్షన్, తేలికపాటి డైనమిక్ ప్రోగ్రామింగ్ 10. ఒక్కో సమస్యతో అరగంట కుస్తీ పట్టండి, రాకపోతే పరిష్కారం చూడండి, చూశాక దాన్ని మూసేసి మళ్లీ మొదటినుంచి రాయండి. మూడో రోజున ఒకసారి, పదో రోజున ఇంకోసారి చూడకుండా రాయండి. 500 సమస్యలు చేశామని చెప్పేవాళ్లు చాలామంది పరిష్కారాలు చదివినవాళ్లే, ఇంటర్వ్యూలో ఖాళీ స్క్రీన్ మీద పది లైన్లు పడవు. భాష జావా గానీ పైథాన్ గానీ ఒక్కటే పట్టుకోండి. రెండు భాషలు సగం సగం వచ్చినవాడి కంటే ఒకటి పూర్తిగా వచ్చినవాడే నెగ్గుతాడు.

డేటాబేస్‌లోంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్‌ను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. సపోర్ట్ ఉద్యోగమైనా, టెస్టింగైనా, డేటా ఇంజనీరింగైనా, బ్యాకెండైనా అన్నింటిలోనూ అడిగేది ఇదొక్కటే. ఒక ప్రశ్న దగ్గర్నుంచి చూడండి. కస్టమర్ల టేబుల్, ఆర్డర్ల టేబుల్ ఉన్నాయి. ప్రతి కస్టమర్ ఎన్ని ఆర్డర్లు పెట్టాడో చూపించండి, ఒక్కటీ పెట్టనివాళ్లకు సున్నా రావాలి. మామూలు జాయిన్ రాస్తే ఆర్డరు పెట్టనివాళ్లు జాబితాలోంచే మాయమవుతారు, కాబట్టి కస్టమర్ల వైపు నుంచి లెఫ్ట్ జాయిన్ చేయాలి. ఇక్కడిదాకా చాలామంది వస్తారు. తర్వాత కౌంట్‌లో స్టార్ పెడతారు, ఆర్డరు లేనివాళ్లకు సున్నా బదులు ఒకటి వస్తుంది. ఎందుకంటే లెఫ్ట్ జాయిన్ ఆ కస్టమర్‌కు ఆర్డర్ల వైపు అంతా నల్‌తో (విలువ లేని ఖాళీతో) ఒక వరుస ఇస్తుంది, స్టార్ ఆ వరుసను కూడా లెక్కేస్తుంది. కౌంట్‌లో ఆర్డర్ ఐడీ కాలమ్ పెడితే నల్‌ను వదిలేస్తుంది, సున్నా వస్తుంది. ఇప్పుడు "ఈ ఏడాది ఆర్డర్లు మాత్రమే" అని అడుగుతారు. తేదీ షరతును వేర్ (WHERE) భాగంలో పెట్టారా, నల్ ఉన్న వరుసలన్నీ ఎగిరిపోయి లెఫ్ట్ జాయిన్ మామూలు జాయిన్‌గా మారిపోతుంది. షరతు జాయిన్‌తో వచ్చే ఆన్ (ON) భాగంలో పెట్టాలి. ఈ మూడు మెట్లు కారణాలతో సహా చెప్పగలిగితే ఫ్రెషర్ స్థాయి ఎస్‌క్యూఎల్ రౌండు అయిపోయినట్టే. దీనికి తోడు గ్రూప్ బై, హ్యావింగ్, రో నంబర్, ర్యాంక్, డెన్స్ ర్యాంక్ తేడా, నాట్ ఇన్ లోపలి జాబితాలో నల్ ఉంటే ఒక్క వరుస కూడా ఎందుకు రాదో తెలుసుకోండి. మొత్తం మూడు వారాల పని.

ప్రాజెక్టు విషయానికి వస్తే, బజారులో కొన్న మేజర్ ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టకండి. ఒక్కటే కట్టండి, చిన్నదే కట్టండి, కానీ ప్రతి లైనూ మీకు తెలియాలి, అది ఇంటర్నెట్‌లో నడుస్తూ ఉండాలి. మీ ఊళ్లో ఎరువుల దుకాణం అప్పు ఖాతాలు చూసుకునే యాప్ అయినా సరే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు "మీ దగ్గర ఒకే బస్తా మిగిలింది, ఇద్దరు ఒకే క్షణంలో కొన్నారు, ఏమవుతుంది?" అని అడుగుతారు. ముందు స్టాక్ చదివి, ఉందని చూసుకుని, తర్వాత తగ్గించే కోడు రాసి ఉంటే ఇద్దరికీ అమ్ముడుపోతుంది. అప్‌డేట్ వాక్యంలోనే "స్టాక్ సున్నా కంటే ఎక్కువైతే ఒకటి తగ్గించు" అని షరతు పెట్టి, ఎన్ని వరుసలు మారాయో చూడాలి. సున్నా అయితే అమ్మకం జరగలేదని చెప్పాలి. లేదా ట్రాన్సాక్షన్‌లో ఆ వరుసకు తాళం వేయాలి. పాస్‌వర్డును ఎలా దాచారు, ఈ కాలమ్‌కు ఇండెక్స్ ఎందుకు పెట్టారు, సర్వర్ పడిపోతే లాగ్ ఎక్కడ చూస్తారు: ఈ మూడింటికీ మీ సొంత కోడు చూపించి జవాబు చెప్పగలగాలి.

ఏఐ గురించిన మీ సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇదివరకు ఫ్రెషర్‌కు ఇచ్చే పనుల్లో పెద్ద భాగం ఫారాలు, రిపోర్టులు, యూనిట్ టెస్టులు, చిన్న చిన్న మార్పులు. ఆ కోడును ఇప్పుడు పరికరాలు నిమిషాల్లో రాస్తున్నాయి, కాబట్టి అంతమంది అక్కర్లేదన్న మాట నిజమే. అయితే రాసినదాంట్లో పైన చెప్పిన బస్తా లాంటి లోపం ఉందో లేదో కనిపెట్టేవాళ్లు కావాలి. అందుకే ఇంటర్వ్యూల తీరు మారింది. కోడు ఇచ్చి "ఇందులో తప్పెక్కడుంది" అంటారు, మీ ప్రాజెక్టు తెరిపించి "ఇప్పుడు ఇక్కడ డిస్కౌంట్ చేర్చండి" అంటారు. ఏఐతో నేర్చుకోండి, తప్పులేదు. కానీ అది ఇచ్చిన ప్రతి ఫైలునూ తుడిచేసి ఒకసారి సొంతంగా రాయండి. ఆన్‌లైన్ పరీక్షలో మాత్రం వాడొద్దు. ట్యాబ్ మారినా, కోడు అతికించినా రికార్డవుతుంది, ఒకేలా ఉన్న జవాబులను పోల్చి పక్కన పెడతారు, కొన్ని కంపెనీలు కొన్ని నెలలపాటు మళ్లీ రాయనివ్వవు.

రెజ్యూమె ఒక్క పేజీ. "కష్టపడేతత్వం కలవాడిని" లాంటి ఆబ్జెక్టివ్ తీసేయండి, ఫొటో, తండ్రి పేరు, మతం, డిక్లరేషన్ తీసేయండి. "జావా, పైథాన్, సీ, ఏఐ, క్లౌడ్ తెలుసు" అని రాస్తే ప్రతిదాని మీదా ప్రశ్న వస్తుంది. "ఎరువుల దుకాణానికి అప్పు ఖాతాల యాప్: స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్, 12 ఏపీఐలు, ఒకేసారి జరిగే అమ్మకాల్లో స్టాక్ తప్పకుండా ట్రాన్సాక్షన్, లింకు" అని రాస్తే మీకు తెలిసిన ప్రశ్నలే వస్తాయి. రెండు కాలమ్‌ల రంగురంగుల టెంప్లేట్లను జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ సరిగా చదవలేదు. మీ పీడీఎఫ్‌లోంచి అక్షరాలను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి, వరుస చెదిరితే టెంప్లేట్ మార్చండి.

నౌకరీ వెబ్‌సైట్‌లో రిక్రూటర్లు ఇటీవల తాజా చేసిన ప్రొఫైళ్లను ముందు చూస్తారు, కాబట్టి రెండు రోజులకోసారి ఏదో ఒక లైను సరిచేస్తూ ఉండండి. రోజుకు వంద అప్లై బటన్లు నొక్కడం కంటే, వారానికి పది ఉద్యోగాలు ఎంచుకుని ఆ కంపెనీల్లో పనిచేసే మీ కాలేజీ సీనియర్లకు లింక్డ్‌ఇన్‌లో రాయడం మేలు. "అన్నా, ఏదైనా ఉంటే చూడవా" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. జాబ్ ఐడీ, ఆ ఉద్యోగానికి సరిపోయే రెండు లైన్లు, రెజ్యూమె, ఇవి ఒకే సందేశంలో ఉంటే ఆ సీనియర్ రెండు నిమిషాల్లో రిఫర్ చేయగలడు. పదిమందిలో ఇద్దరు జవాబిస్తే బాగా ఇచ్చినట్టే, మిగతావాళ్లకు వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు, రిటైల్ సంస్థలు నడిపే సొంత కేంద్రాలు విపరీతంగా పెరిగాయి. జీతాలు బాగుంటాయి, కానీ ఫ్రెషర్లను ఎక్కువగా ఎంపిక చేసిన క్యాంపస్‌ల నుంచి, ఇంటర్న్‌షిప్‌ల ద్వారా తీసుకుంటాయి. అక్కడికి రెండేళ్ల అనుభవంతో వెళ్లడం తేలిక. అందుకే మొదటి ఉద్యోగం పేరు కంటే అందులో చేసే పని చూసుకోండి.

టెస్టింగ్, సపోర్ట్ తలుపుల గురించి మనవాళ్లకు చులకన భావం ఉంది. చేత్తో క్లిక్ చేసే మాన్యువల్ టెస్టింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే నిజంగానే ఇబ్బంది. టెస్టులను వాటంతటవే నడిపే సెలీనియం లేదా ప్లేరైట్, పోస్ట్‌మన్‌తో ఏపీఐ టెస్టింగ్, కాస్త జావా వస్తే ఇప్పటికీ పిలుస్తారు. అప్లికేషన్ సపోర్ట్‌లో షిఫ్టులుంటాయి, రాత్రి ఫోన్లుంటాయి. అయితే నడుస్తున్న పెద్ద సిస్టమ్ లాగులు చదవడం, లినక్స్, ఎస్‌క్యూఎల్ అక్కడ వచ్చినంత బాగా ఇంకెక్కడా రావు. ఏడాదిన్నర చేసి డెవలప్‌మెంట్‌కో, క్లౌడ్ వైపుకో మారొచ్చు. మూడేళ్లు దాటి లెవెల్ వన్‌లోనే టికెట్లు పంచుతూ ఉండిపోతే మారడం కష్టం.

అమీర్‌పేట సంగతి. ఆదిత్య ఎన్‌క్లేవ్, మైత్రివనం చుట్టుపక్కల మంచి బోధకులు ఉన్నారు, ఇప్పుడు వాళ్లలో చాలామంది ఆన్‌లైన్‌లోనూ చెబుతున్నారు. కోర్సు తప్పు కాదు, కోర్సు పూర్తయితే ఉద్యోగం వస్తుందనుకోవడం తప్పు. చేరే ముందు రెండు డెమో క్లాసులు కూర్చోండి, బోధకుడు కోడు అప్పటికప్పుడు రాస్తున్నాడా, సిద్ధం చేసుకున్న నోట్సు చదువుతున్నాడా చూడండి. "వంద శాతం ప్లేస్‌మెంట్" అని రాసి ఇచ్చే చోట గత బ్యాచ్‌లో చేరిన ముగ్గురి నంబర్లు అడగండి. హాస్టల్, తిండి కలిపి నెలకు ఏడెనిమిది వేలు పెట్టి అక్కడ ఉండేది క్లాసు కోసమైతే వద్దు, ఇంట్లో చేయొచ్చు. ఇంట్లో చదువు సాగదు, తోడు చదివేవాళ్లు కావాలి అనుకుంటే నాలుగు నెలలకు పరిమితి పెట్టుకుని వెళ్లండి.

కంప్యూటర్ కోర్సుకే డబ్బు పెట్టాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ పీజీ కోర్సు, చాలామందికి పీజీ డాక్ పేరుతో తెలిసినది, ఆలోచించదగ్గది. సీక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఏడాదికి రెండు బ్యాచ్‌లు, ఆరు నెలలు, 900 గంటలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఫీజు 90,000, దానిపై జీఎస్టీ. చివర అన్ని కేంద్రాలకూ కలిపి ప్లేస్‌మెంట్ ప్రక్రియ ఉంటుంది. పుణె, బెంగళూరు, హైదరాబాద్ లాంటి కేంద్రాలకు ర్యాంకు కావాలి. చెడ్డ ర్యాంకుతో ఏదో ఒక కేంద్రం దొరికితే చాలనుకుని చేరకండి, ఆ కేంద్రంలో గత బ్యాచ్ ఎంతమంది ఉద్యోగాల్లో చేరారో కనుక్కోండి.

ఇక మూడేళ్ల ఫేక్ అనుభవం. దీని మీద నా మాట గట్టిగానే ఉంటుంది: వద్దు. నీతి ఒక కారణం, పట్టుబడే తీరు ఇంకో కారణం. ఉద్యోగంలో చేరగానే మీ యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు, అడుగుతారు. పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు వెళ్లారు అన్నీ ఉంటాయి. మూడేళ్లు పనిచేశానన్నవాడికి ఒక్క నెల పీఎఫ్ జమ లేకపోతే వివరణ అడుగుతారు. ఆదాయపు పన్ను 26ఏఎస్ పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. కన్సల్టెన్సీవాళ్లు పీఎఫ్ కూడా వేయిస్తామంటారు. ఆ డొల్ల కంపెనీ పేరు పరిశీలన సంస్థల అనుమానిత జాబితాలోకి ఎక్కిన రోజున ఆ పేరు మీద చేరినవాళ్లందరినీ ఒకేసారి బయటికి పంపుతారు, మీరు రెండేళ్లు బాగా పనిచేసినా సరే. దాటుకున్నా ఇంకో గండం ఉంది. మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి మొదటి వారంలోనే ప్రొడక్షన్ సమస్య అప్పగిస్తారు. చేయలేక, రాత్రిళ్లు వేరేవాళ్లకు నెలకింత అని ఇచ్చి "జాబ్ సపోర్ట్" పేరుతో పని చేయించుకుంటారు, అందుకోసం కంపెనీ స్క్రీన్ బయటివాళ్లకు చూపిస్తారు. అది ఉద్యోగం పోవడంతో ఆగకపోవచ్చు, కేసు దాకా వెళ్లొచ్చు. ఈ మానసిక ఒత్తిడిలో ఉన్న పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో ఎంతోమంది ఉన్నారు. దయచేసి అటు వెళ్లకండి.

బ్యాక్‌డోర్ ఆఫర్లు దీనికి తోబుట్టువులు. రెండు మూడు లక్షలు కట్టించుకుని, ఆఫీసులో కూర్చోబెట్టి, మీ డబ్బులోంచే రెండు నెలలు జీతమిచ్చి, ఆ తర్వాత బోర్డు తిప్పేస్తారు. ఏ చిన్న కంపెనీ పిలిచినా పది నిమిషాలు వెచ్చించి రెండు చోట్ల చూడండి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే అది ఎప్పుడు నమోదైంది, చురుగ్గా ఉందా లేదా తెలుస్తుంది. ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. అందులో ఆ సంస్థ నెలనెలా ఎంతమందికి, ఎంత పీఎఫ్ కట్టిందో కనిపిస్తుంది. "మా దగ్గర 300 మంది పనిచేస్తున్నారు" అన్నవాళ్ల పీఎఫ్ జాబితాలో తొమ్మిది మందే ఉంటే జవాబు మీ కళ్లముందే ఉంది. ఇంటర్వ్యూ వాట్సాప్‌లోనే జరిగినా, ఆఫర్ మామూలు జీమెయిల్ నుంచి వచ్చినా, శిక్షణ డిపాజిట్టనో ల్యాప్‌టాప్ డిపాజిట్టనో అడిగినా అక్కడితో ఆపేయండి.

అమెరికా ఎమ్మెస్ చదువు కోసమైతే మంచి దారే, ఉద్యోగం దొరకనందుకు అయితే ఖరీదైన దారి. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు, వెరసి మూడేళ్లు. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి, పొడిగింపుతో కలిపి మొత్తం 150 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత కావలసిన హెచ్1బీ ఉద్యోగ వీసాలు ఏడాదికి 85,000, లాటరీ. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే చదువుకుని హోదా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో వలస శాఖ స్పష్టత ఇచ్చింది, కానీ నిబంధనలు ఏ ఏడాదికాయేడు మారుతున్నాయి. లెక్క ఇలా వేసుకోండి: 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకు సుమారు 55,100 వాయిదా. తిరిగి ఇక్కడికే వచ్చి ఐదు, ఆరు లక్షల ఉద్యోగంలో చేరాల్సి వస్తే ఆ వాయిదా ఎవరు కడతారన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. అమ్మానాన్నల ఇల్లో, పొలమో తాకట్టు పెట్టాల్సి వస్తే నా మటుకు నేను వద్దనే చెబుతాను.

చదవాలన్న కోరిక నిజంగా ఉంటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ దగ్గరి దారి. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీఎస్ పేపరుతో పాటు 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు కూడా వచ్చింది. ఎంటెక్‌లో నెలకు 12,400 స్టైపెండ్. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు పీజీఈఈ అని వేరే పరీక్ష ఉంది. ఇందులో లాభమేమిటంటే మంచి సంస్థలో చేరితే మీ క్యాంపస్ ప్లేస్‌మెంట్ తలుపు రెండోసారి తెరుచుకుంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్యాంకుల్లో ఐబీపీఎస్ ఐటీ ఆఫీసర్, కేంద్ర ప్రభుత్వ ఐటీ విభాగం ఎన్ఐసీ, ఇస్రో సైంటిస్ట్ పోస్టులకు దాదాపు ఇదే సిలబస్ పనికొస్తుంది: ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్, డేటా స్ట్రక్చర్స్. ఎనిమిది నెలలు పూర్తి సమయం పెట్టగలిగితేనే దిగండి. ఉద్యోగ ప్రయత్నం పక్కన రోజుకు రెండు గంటల గేట్ వల్ల రెండూ పోతాయి.

విశాఖ గురించి కూడా చాలామంది ఆశతో అడుగుతున్నారు. రుషికొండ దగ్గర టీసీఎస్‌కు 2025లో 99 పైసలకే భూమి కేటాయించారు, గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది. సంతోషించాల్సిన విషయమే. అయితే డేటా సెంటర్ నడిచాక అందులో ఎక్కువగా కావలసింది విద్యుత్తు, కూలింగ్, నెట్‌వర్క్, హార్డ్‌వేర్ చూసుకునే మనుషులు, కోడు రాసేవాళ్లు తక్కువ. నెట్‌వర్కింగ్, లినక్స్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు అటు సిద్ధం కావచ్చు. మీ ఏడాది ప్రణాళికను మాత్రం దాని మీద కట్టకండి.

ఆఫర్ వచ్చిన రోజున సంతకం పెట్టే ముందు బాండు చదవండి. ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత, ఆ మొత్తం కాలంతో పాటు తగ్గుతుందా లేదా, నోటీసు పీరియడ్ ఎంత అన్నవి చూసుకోండి. బాండ్లు చెల్లవని పిల్లలు ధైర్యంగా చెప్పుకుంటారు గానీ, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఏడాది, ఏడాదిన్నర బాండు, లక్ష లోపు మొత్తం, నేర్చుకునే పని ఉంటే మీ పరిస్థితిలో ఒప్పుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించవద్దు. చూపించి, వాళ్ల ముందే జిరాక్సుల మీద సంతకం చేసి, ఒరిజినల్స్ అదే రోజు ఇంటికి తెచ్చుకోండి. "మా పద్ధతి ఇంతే, బాండు అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి" అంటే ఆ ఉద్యోగం వదిలేయండి. తర్వాత మంచి ఆఫర్ వచ్చినా, పాస్‌పోర్టుకైనా, ఎంటెక్ కౌన్సెలింగ్‌కైనా ఆ కాగితాల కోసం వాళ్ల చుట్టూనే తిరగాల్సి వస్తుంది.